డ్రోన్ ఫొటోల్లో లైన్ ఫాల్ట్‌లను మోడల్ పట్టుకోవడం లేదు

మధురవాడ విద్యార్థి: రాత్రి భోజనం చేసి కూర్చున్నవాణ్ని తెల్లవారుజామున మూడింటికి లేచాను, చిక్కు మాత్రం వీడలేదు. 132 కేవీ లైన్ టవర్లను డ్రోన్‌తో ఫొటోలు తీసి ఫొటోలో వస్తువులను గుర్తించే యోలో మోడల్‌కు శిక్షణ ఇచ్చాను. పరీక్షలో 94 శాతం సరిగ్గా చెబుతోంది. భీమిలి వైపు తీసిన కొత్త ఫొటోలు ఇస్తే, నా కంటికి స్పష్టంగా కనిపిస్తున్న విరిగిన డిస్క్‌ను (తీగను టవర్‌కు తగలకుండా ఉంచే పింగాణీ ఇన్సులేటర్ బిళ్లను) వదిలేసి, వెనకనున్న తాటిమట్టను ఫాల్ట్ అని చూపిస్తోంది. లెర్నింగ్ రేటు (నేర్చుకునే వేగం) మార్చాను, ఎపోక్‌లు (ఫొటోలన్నింటినీ తిప్పి చూపే విడతలు) పెంచాను. దయచేసి దారి చూపండి.

పిక్సెల్: ఫొటో కొలత ఎంత? మోడల్‌కు ఏ కొలతలో ఇస్తున్నారు?

విశ్రాంత ఇంజనీరు, గాజువాక: బాబూ, ముందు ఆ మాట సరిచేసుకోండి. ఫాల్ట్ అంటే షార్ట్ సర్క్యూట్ అయ్యో, కరెంటు భూమిలోకి దారి పట్టో బ్రేకర్ ట్రిప్ అవడం. డిస్క్ విరగడం లోపం. ఇక మన తీరంలో అసలు ముప్పు ఉప్పు. సముద్రపు గాలికి పింగాణీ మీద పేరుకున్న ఉప్పు పొర ఎండలో పొడిగా ఉన్నంతసేపు ఏమీ చేయదు కానీ, తెల్లవారుజాము మంచుకు తడిసిందంటే కరెంటు దాని వెంట పాకి, చివరకు ఫ్లాషోవర్‌కు, అంటే డిస్క్‌ల మీదుగా మెరుపులా కరెంటు దూకడానికి, దారి తీస్తుంది. మామూలు ఫొటోలో ఆ డిస్క్ నిక్షేపంగానే కనిపిస్తుంది.

ఎంవీపీ కాలనీ: పేరు ఏదైతేనేమండీ? మోడల్‌కు తెలిసేది శిక్షణ ఫొటోలో లోపం చుట్టూ మనం గీసిన పెట్టె మాత్రమే.

విశ్రాంత ఇంజనీరు, గాజువాక: పేరు స్పష్టంగా లేకపోతే పెట్టె కూడా స్పష్టంగా గీయలేరండీ. తుప్పు, పక్షిగూడు, పగిలిన డిస్క్, మూడింటినీ ఒకే పేరు కింద గుర్తిస్తే అది ఏ ఆకారాన్ని నేర్చుకోవాలి?

మధురవాడ విద్యార్థి: అవును సార్, అన్నింటికీ ఒకటే పేరు పెట్టాను. ఫొటో 5472×3648 పిక్సెళ్లు, మోడల్‌కు వెళ్లేది 640 పిక్సెళ్ల వెడల్పుకు కుదించినది. ఒక అంగుళం సెన్సర్ కెమెరాతో సుమారు 15 మీటర్ల దూరం నుంచి తీశాను. అన్ని ఫొటోలనూ కలిపేసి, యాదృచ్ఛికంగా శిక్షణకూ పరీక్షకూ విడదీశాను. ఇవి ముఖ్యమనుకోలేదు.

పిక్సెల్: ముఖ్యమైనవి ఇవే. 255 మిల్లీమీటర్ల డిస్క్ ఆ దూరం నుంచి మీ ఫొటోలో 60 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, 640కి కుదించాక 7 పిక్సెళ్లే మిగులుతుంది. అంచు పగిలిన సంగతి అందులో నిలవదు. ఫొటోను కుదించకుండా, అంచులు ఐదో వంతు ఒకదానిపై ఒకటి పడేలా 640 పిక్సెళ్ల కొలత ముక్కలుగా కోసి, శిక్షణకూ పరిశీలనకూ ఆ ముక్కలే ఇవ్వండి. మీ 94 శాతాన్ని కూడా నమ్మకండి. ఒకే టవర్‌ను రెండేసి సెకన్ల తేడాతో తీసిన ఫొటోలు శిక్షణలోనూ పరీక్షలోనూ చేరితే, మోడల్ చూసిన టవర్‌నే మళ్లీ చూస్తుంది. ఒక టవర్ ఫొటోలన్నీ ఒకవైపే ఉండేలా టవర్ల వారీగా విడదీయండి.

మధురవాడ విద్యార్థి: ముక్కలు చేసి మళ్లీ శిక్షణ ఇస్తే భీమిలి ఫొటోల్లో విరిగిన డిస్కులు రెండు దొరికాయి. తాటిమట్ట ఇంకా పోలేదు. టవర్ల విభజన ఈ రాత్రి చేస్తాను. అందరికీ కృతజ్ఞతలు.

విశ్రాంత ఇంజనీరు, గాజువాక: సంతోషం బాబూ. ఆ ఫొటోలు ఏ వేళప్పుడు తీశారు?