పరిశోధకులు పట్టుకెళ్ళిన పాట ఎవరిది?

చంపావతి (చర్చ ప్రారంభం; ఇందులో అందరూ మారుపేర్లతోనే రాస్తున్నారు):

ఊళ్ళు తిరిగి జానపద కళల గురించి తెలుసుకోవడం, తెలుసుకున్నది పాఠంగా చెప్పడం పదహారేళ్ళుగా నా వృత్తి. పుట్టింది విజయనగరం దగ్గరే అయినా నేను పనిచేసే విశ్వవిద్యాలయం రాష్ట్రం వెలుపల ఉంది. అందువల్ల సొంత జిల్లాకు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు కూడా నా సంచిలో ఒక కెమెరా ఉంటుంది. ఈసారి విజయనగరంలో పూజారిని పొడవైన మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చి, ఆ మరుసటి వారం గజపతినగరం వైపు ఒక పల్లెలో తప్పెటగుళ్ళ ఆటను రెండు గంటలపాటు చిత్రీకరించాను. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులతో వాయిస్తూ, కాలి గజ్జెలతో దానికి బదులు చెబుతూ, ఒకరి భుజాలపై ఒకరు ఎక్కి గోపురం కట్టే ఆ ఆటను మన జిల్లాల వారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. ఆట ముగిశాక బృందం పెద్ద చెమట తుడుచుకుంటూ నన్ను అడిగాడు: “ఇది ఎక్కడికెల్తాదమ్మా? మావోళ్ళకి మళ్ళీ అగుపిస్తాదా?”

నిజం చెప్పాలంటే అది మా శాఖ బీరువాలోకి వెళుతుంది. అంతకుముందు నేను పట్టుకెళ్ళినవన్నీ అక్కడే ఉన్నాయి. వాటి ఆధారంగా నాకు ఉద్యోగంలో మెట్లు పెరిగాయి, సదస్సులకు పిలుపులు వచ్చాయి. పాడినవారికి ఆ పూట భోజనమూ, దారిఖర్చులూ తప్ప ఏమీ ముట్టలేదు. సిరిమాను ఊరేగింపులో ముందు బెస్తవారి వల నడుస్తుంది, పాలధార అనే బృందం నడుస్తుంది. అందులో ఎవరి చోటు వారికి హక్కుగా ఉంది. మా వ్యాసాలలో మాత్రం ఆ మనుషులే పేరు లేని సమాచారదాతలుగా మిగులుతున్నారు. కళనూ సామాజిక న్యాయాన్నీ కలిపి ఉపన్యాసాలిచ్చే మాలాంటివారు తెచ్చుకున్న పాటకు బాకీ పడ్డారని నా అభిప్రాయం. ఆ బాకీని డబ్బుగా తీర్చాలా, పేరుగా తీర్చాలా, తీసినదాని ప్రతి ఇచ్చి తీర్చాలా అన్నది చర్చించండి.

గంటస్తంభం:

చంపావతి గారూ, మీ బాధ నిజమైనదే గాని మీరు చెప్పే మందు రోగం కంటే ప్రమాదకరమని నాకు అనిపిస్తున్నది. జముకు అనే వాద్యం వాయిస్తూ చెప్పే జముకుల కథను తెల్లవార్లూ చెప్పించుకున్న ఊళ్ళు నా చిన్నతనంలో ఉండేవి. ఇప్పుడు ఉత్సవ వేదికలపై ఒక్కో బృందానికి పది నిమిషాలు కేటాయించి, శాలువా కప్పి, పారితోషికం కవరు చేతిలో పెట్టి దింపేస్తున్నారు. కథకుడు కూడా ఆ పది నిమిషాలకు సరిపోయేలా కథను కత్తిరించుకున్నాడు. డబ్బు లెక్క ప్రవేశించిన చోట ఆట ఆ లెక్కకు తగినట్టు మారుతుంది. పైగా పరిశోధన చేసేవారందరూ మీలాంటి ఆచార్యులు కారు. పల్లెవెలుగు బస్సు ఛార్జీ కూడా సొంతంగా పెట్టుకుని తిరిగే విద్యార్థులు ఉన్నారు. ముందు సొమ్ము కట్టి తరువాత వినమంటే, రేపు మన పాటలు డబ్బున్న విదేశీ విశ్వవిద్యాలయాలకు మాత్రమే వినబడతాయి. బీరువాలోనైనా ఉండడం అసలు లేకపోవడం కంటే మేలు కాదా?

కోర్టు కాయితం:

ఇక్కడ దానధర్మాల మాట ఒకటే నడుస్తున్నది కనుక చట్టం ఏమంటున్నదో చెబుతాను. 1957 నాటి కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో చేరింది. 1999లో దాని గడువును యాభై ఏళ్ళకు పెంచారు. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే నిర్వచనంలో గాయకుడు, నర్తకుడు, గారడీవాడు, పాములవాడు, ఉపన్యాసకుడు ఒకే వాక్యంలో ఉన్నారు. ఆచార్యులవారినీ పాములవాడినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చోటు మన దేశంలో ఇదొక్కటే కావచ్చు.

2012 సవరణ తరువాత 38ఎ సెక్షన్ ప్రకారం ప్రదర్శనను చిత్రీకరించే హక్కు ప్రదర్శకుడిది, వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ కూడా అతనిదే. 38బి ప్రకారం తన పేరు చెప్పమని అడిగే హక్కు కూడా అతనికి ఉంది. అయితే 39వ సెక్షన్ చిత్తశుద్ధితో చేసే బోధనకూ పరిశోధనకూ మాత్రమే పరిమితమైన చిత్రీకరణకు మినహాయింపు ఇస్తుంది. చంపావతి గారి బీరువాకు ఆ గొడుగు ఉంది. అదే చిత్రాన్ని ఎవరైనా ప్రకటనలు వచ్చే వీడియో వేదికలో పెట్టిన రోజున అది పరిశోధన అనిపించుకోదు. ఇంకొక లోటు ఏమిటంటే, ఈ హక్కులన్నీ ఆ పూట ఆడిన మనిషివి. తరాలుగా పాటను మోసిన సమూహానికి చట్టంలో చోటు లేదు. పనసచెక్కను తొలిచి చేసే బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం వేసే ముద్ర) వచ్చింది గాని, ఆ చట్టం వస్తువులకు వర్తిస్తుంది, పాటకు వర్తించదు.

తప్పెట ఇల్లు:

నేను ఆ ఆట ఆడే యాదవ కుటుంబంలో పుట్టినవాడిని. మా తాతగారు, నాన్నగారు తప్పెట కట్టారు. నేను కట్టలేదు, చదువుకుని శ్రీకాకుళం జిల్లాలో బడిపంతులుగా పనిచేస్తున్నాను. సిరిమాను ముందు ఎవరి చోటు వారికి హక్కుగా ఉందని చంపావతి గారు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ చోటు మర్యాద అన్నది కాదనను, కాని అది కులం చూసి ఇచ్చిన చోటు. మర్యాద వద్దని తప్పుకున్నవాడికి ఊళ్ళో ఏమవుతుందో వ్యాసాలలో కనబడదు. నాన్నగారు గొర్రెలు కాసి వచ్చిన ఒళ్ళుతో రాత్రి ఆట ఆడేవారు. ఊరి పెద్దలు పిలిస్తే జ్వరమున్నా వెళ్ళేవారు. ఆ పిలుపు నా దాకా రాకూడదనే ఆయన నన్ను బడిలో వేశారు. తెల్లవార్లూ సాగిన కథ పది నిమిషాలకు కుదించుకుపోయిందని గంటస్తంభం గారు బాధపడుతున్నారు. రాత్రంతా గెంతినవాడి మోకాళ్ళను కూడా ఆయన లెక్కలోకి తీసుకోవాలని మనవి.

ఇక అసలు విషయం. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో వచ్చి నాన్నగారి ఆటను చిత్రీకరించి తీసుకువెళ్ళారు. ఆయన పోయిన తరువాత, మూడేళ్ళ కిందట, మా బడి పిల్లవాడొకడు ఫోనులో ఒక వీడియో తెచ్చి చూపించాడు. దాని కింద “ఉత్తరాంధ్ర జానపద నృత్యం” అని మాత్రమే ఉంది. ఒక్కరి పేరు లేదు, ఊరి పేరు కూడా లేదు. అందులో ముందు నిలబడి పాట ఎత్తుకున్న మనిషి మా నాన్న. ఆయన గొంతు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు గనుక తీసినవారికి దండం పెట్టాలనిపించింది. మా అమ్మ బతికి ఉండగా ఒక్కసారైనా వినిపించలేకపోయినందుకు వారినే తిట్టాలనీ అనిపించింది. ఇంకొకటి కూడా చెప్పాలి. గంగమ్మను పిలిచే పాటను మావాళ్ళు అమ్మవారి ఎదుట తప్ప పాడరు. తీసినవారు అడిగితే కాదనలేక పాడి ఉంటారు. ఇప్పుడు దానిని ఎవరు పడితే వారు, ఏ పని చేసుకుంటూనైనా వినవచ్చు.

గంటస్తంభం:

తప్పెట ఇల్లు గారూ, మోకాళ్ళ మాట నాకు తగిలింది. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. కాని డబ్బు విషయంలో నా అభిప్రాయం మారలేదు.

నాగావళి:

డబ్బు వస్తే కళ మారిపోతుందన్న భయం మీద ఒక మాట. కళ ఎప్పుడూ మారుతూనే ఉంది. అమ్మవారి కథలు చెప్పిన జముకుతోనే, శ్రీకాకుళం జిల్లా బొడ్డపాడు శివాలయంలో పూజారిగా ఉన్న నక్సలైటు ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి భూమి కోసం సాగే పోరాటాన్ని కథగా చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించేవరకూ చెబుతూనే ఉన్నాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించకపోవచ్చు గాని, జముకు అందువల్ల చెడిపోయిందని ఎవరూ అనలేదు.

బాకీ తీర్చడమెలాగన్నదానికి మన నేలమీదే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణమూ 1938లో నిఘంటువూ ప్రచురించిన మనిషి, ఆ భాషను పండితులకు అప్పగించి ఊరుకోలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. అంటే నేర్చుకున్న చోటికే తిరిగి ఇచ్చారు. ఇక బీరువా గురించి: కథకుడు కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు తన పురస్కారాల సొమ్ముతో 1997లో తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయాన్ని శ్రీకాకుళంలోనే పెట్టారు. కథ కావలసినవారు ఆ వీధికి రావాలి. పాటలకు కూడా అలాంటి చోటు పాడేవారి ఊళ్ళకు బస్సు దూరంలో ఉంటే, చంపావతి గారి శాఖకు వెళ్ళవలసినది ప్రతి మాత్రమే, అసలు ఇక్కడే ఉంటుంది. అయితే ఒక తేడా ఉంది. అచ్చయిన కథ కింద రచయిత పేరు ఉంటుంది, పాట కింద ఉండదు. కాబట్టి ముందు పేర్లు రాయడం నేర్చుకోవాలి.

తప్పెట ఇల్లు:

చంపావతి గారూ, మీరు తీసిన ఆటలో గోపురం మీద చిట్టచివర నిలబడిన కుర్రవాడి పేరు రాసుకున్నారా?

చంపావతి:

రాసుకోలేదు. పెద్దాయన పేరు ఒక్కటే రాసుకున్నాను. మీరు అడిగాక నిన్న రాత్రి ఆయనకు ఫోను చేశాను. పదహారు మందిలో పద్నాలుగు పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పారు. మిగిలిన ఇద్దరు కుర్రవాళ్ళు బయటి ఊళ్ళలో పనులు చేసుకుంటున్నారట. తప్పెట కట్టేవారని అక్కడ తెలియడం వారికి ఇష్టమో కాదో తాను చెప్పలేనని, సంక్రాంతికి వచ్చినప్పుడు వారినే అడగమని అన్నారు. మీరు రాసింది చదివాక గంగమ్మ పాట గురించి కూడా అడిగాను. కాసేపు మాట్లాడక, తరువాత అది తీసెయ్యమన్నారు. తీసేశాను. సంక్రాంతికి వెళుతున్నాను; అంతవరకు మిగతాది కూడా ఎక్కడా పెట్టను.