పాత ఆర్వీ పైకప్పు వెంట్: మూత మారిస్తే చాలా, ఫ్యాన్ బిగించాలా?

ఫ్రిస్కో_శ్రీ:
మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. ఈ మధ్యే 2006 నాటి ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఆర్వీల్లో ఒక రకం) ఒకటి కొన్నాం. పైకప్పు మీద వంటింటి దగ్గర ఒక వెంట్ (గాలి పోయే కన్నం), బాత్రూమ్‌లో ఒక వెంట్ ఉన్నాయి. రెండిటి ప్లాస్టిక్ మూతలూ ఎండకు పెళుసెక్కి, చెయ్యి తగిలితే ముక్కలు రాలుతున్నాయి. మూతలు మాత్రమే మారిస్తే ఒక్కోటి 20, 30 డాలర్లతో పోతుంది. ఫ్రేముతో సహా పీకేసి మ్యాక్స్‌ఎయిర్ వాళ్ల ఫ్యాన్ పెడితే ఒక్కోదానికి 300 దాటుతుంది. అంత అవసరమా? వేసవిలో పిల్లలతో కొలరాడో, యూటా వైపు వెళ్లాలని ప్లాన్. వాడినవాళ్లు చెప్పండి.

హ్యూస్టన్_రావు:
శ్రీగారూ, మూతలు మార్చండి, చాలు. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, బయట గాలి ఎలా ఉంటే అలాగే లోపలికి తెస్తుంది. మన టెక్సాస్‌లో ఆగస్టు మధ్యాహ్నం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన గాలిని ఇంట్లోకి లాక్కుని ఏం చేస్తారు? ఎలాగూ ఏసీ వేయాల్సిందే. ఏసీ నడుస్తుంటే వెంట్ మూసే ఉంచాలి.

మూత మార్చడానికి పైకప్పు సీల్ (వెంట్ చుట్టూ నీళ్లు దిగకుండా వేసినది) జోలికి పోనక్కర్లేదు. కీలు నుంచి పాతది జరిపి తీసి, కొత్తది ఎక్కించడమే. ఒక్కటి చూసుకోండి: జెన్సెన్, ఎలిక్సిర్, వెంట్‌లైన్ అని కంపెనీని బట్టి కీళ్లు వేర్వేరు రకాలు, ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు. పాత కీలు ఫొటో తీసుకుని పోల్చి కొనండి. మామూలు ప్లాస్టిక్ బదులు పాలీకార్బొనేట్ మూత తీసుకుంటే ఎండకు ఎక్కువ కాలం ఆగుతుంది. దాని మీద గొడుగులా ఉండే వెంట్ కవర్ కూడా బిగిస్తే, వానలో మూత తెరిచి ఉంచినా చుక్క పడదు. ఆ కవర్ బ్రాకెట్లు వెంట్ ఫ్రేము పక్కలకే పడతాయి, పైకప్పుకు కొత్తగా కన్నాలు పెట్టే పని లేదు.

డెన్వర్_పద్మ:
రావుగారూ, మీరు హ్యూస్టన్ ఎండ గురించి చెబుతున్నారు. శ్రీ వెళ్లేది కొలరాడోకి. ఇక్కడ కొండల్లో వేసవిలో కూడా సూర్యుడు దిగగానే చల్లబడిపోతుంది. రాత్రి ఆ గాలిని ఫ్యాన్‌తో లోపలికి తెచ్చుకుంటే ఏసీ ఊసే ఉండదు.

ఇంకో సంగతి. కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉంటే మీ మాట సరే. బీఎల్‌ఎమ్ అనే ఫెడరల్ సంస్థ భూముల్లోనో, నేషనల్ ఫారెస్ట్‌లోనో ఆగితే ఏసీకి కరెంటు ఎక్కడిది? 13,500 బీటీయూల (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ నడవడానికి 1,500 వాట్ల దాకా కావాలి, అంటే జనరేటర్ ఉండాలి. నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్లలో దాన్ని రాత్రిపూట వేయనివ్వరు. ఈ ఫ్యాన్ 12 వోల్టుల మీద నడుస్తుంది. తక్కువ వేగంలో ఒక ఆంపియర్ కూడా లాగదు, పూర్తి వేగంలో కూడా 5 ఆంపియర్ల లోపే. 100 ఆంపియర్-అవర్ల మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలన్నా, రాత్రంతా తిప్పాక ఇంకా మిగులుతుంది.

వేడి సంగతి పక్కన పెట్టి వంట చూడండి. మనం ఎండుమిర్చి వేసి పోపు పెట్టేవాళ్లం. అంత చిన్న గదిలో ఆ ఘాటు పరుపులకీ, పరదాలకీ పట్టేస్తుంది, పిల్లలు దగ్గుతూనే ఉంటారు. పొయ్యి మీద ఉండే చిన్న హుడ్ చాలా ట్రైలర్లలో పేరుకే. పైగా ప్రొపేన్ మండితే నీటి ఆవిరి పుడుతుంది: ఒక కిలో గ్యాస్‌కి దాదాపు కిలోన్నర పైన నీళ్లు. అన్నం ఉడికిన ఆవిరి, స్నానాల ఆవిరి, నలుగురి ఊపిరి అన్నీ కలిసి చలి రాత్రి కిటికీల మీద బొట్లు కడతాయి. అదే చెమ్మ పరుపు కింద చేరి బూజు పడుతుంది. పైకెక్కిన ఆవిరి పైనుంచే పోవాలి. ఉత్త మూత తెరిస్తే కొంతే పోతుంది, లాగే ఫ్యాన్ ఉంటే నిమిషాల్లో పోతుంది. అందుకే నేనైతే రెండు చోట్లా ఫ్యానే పెట్టమంటాను.

హ్యూస్టన్_రావు:
పద్మగారూ, పోపు మాట ఒప్పుకుంటాను. కానీ నా భయం ఫ్యాన్ గురించి కాదు, దాన్ని పెట్టడానికి పైకప్పు సీల్ తెరవడం గురించి. ట్రైలర్లను ఎక్కువగా చంపేది నీళ్లే. వెంట్ అంచు పక్కన వెంట్రుకంత సందు చాలు, నీళ్లు ప్లైవుడ్‌లోకి దిగి ఏళ్ల తరబడి కనపడకుండా కుళ్లబెడతాయి. మరక సీలింగ్ మీదికి వచ్చేసరికి లోపల చెక్క పోయి ఉంటుంది. బాగా కూర్చున్న సీల్‌ని కొత్తవాళ్లు కెలకకూడదు.

మెసా_కిరణ్:
నేను అరిజోనాలో ఆర్వీ రిపేర్ పనిలో ఉన్నాను. రావుగారూ, మీ భయం సరైనదే, కానీ దానికి మందు మీరు చెప్పినది కాదు. 2006 నాటి సీల్ బాగా కూర్చుని ఉందని ఎలా అనుకుంటున్నారు? పైన పూసిన సీలెంట్ ఎండకు పగులుతుంది. అందుకే చాలా కంపెనీల మాన్యువల్స్‌లో 3 నెలలకోసారి పైకెక్కి చూసుకోమని ఉంటుంది. మూతలే పొడిగా రాలుతున్నాయంటే, వాటి పక్కనే అంతే ఎండ తిన్న సీలెంట్ సంగతి మొదట చూడాలి. కొత్త మూత పెట్టగానే చూడ్డానికి బాగుంటుంది, కింద కారేది కారుతూనే ఉంటుంది.

శ్రీ అన్నా, ముందు లోపల వెంట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం ఊడదీసి, కన్నం అంచున కనిపించే చెక్కని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. గట్టిగా ఉంటే మంచిది. మెత్తగా దిగిపోతే మూతా కాదు, ఫ్యానూ కాదు, ముందు చెక్క మార్చాలి. కుళ్లిన చెక్కలో స్క్రూ పట్టదు.

చెక్క బాగుంటే పని కష్టం కాదు. అమెరికాలో ఈ వెంట్ల కన్నం మామూలుగా 14 అంగుళాల చదరం, కొత్త ఫ్యాన్లూ అదే కొలతకి వస్తాయి, కొయ్యాల్సింది ఏమీ ఉండదు. పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ గరిటెతో ఓపిగ్గా గీకెయ్, లోహపు బ్లేడు పైకప్పు మీది రబ్బరు పొరని కోసేస్తుంది. కొత్త ఫ్రేము అంచు కింద నాలుగు వైపులా బ్యూటైల్ టేప్ (మెత్తటి జిగురు పట్టీ) వేసి కూర్చోబెట్టు. స్క్రూలు బిగించాక కొంత టేప్ పక్కలకి ఉబికి రావాలి, నీళ్లని ఆపేది అసలు అదే. దాని పైన స్క్రూ తలలతో సహా డైకోర్ కంపెనీ సెల్ఫ్-లెవెలింగ్ (తనంతట తానే పరుచుకునే) సీలెంట్ పుయ్యి. మీ పైకప్పు పొర ఈపీడీఎమ్ అనే రబ్బరా, టీపీఓ అనే ప్లాస్టిక్ రకమా తెలుసుకుని దానికి సరిపోయేది కొను. షాపులో దొరికే సిలికాన్ మాత్రం వద్దు. రబ్బరు మీద అది సరిగ్గా పట్టదు, తర్వాత దాని మీద ఇంకేదీ అంటదు. రబ్బరు తుడవడానికి పెట్రోలియం ద్రావకాలూ వాడొద్దు, ఉబ్బిపోతుంది.

పద్మ అక్కా, నీతో కూడా ఒక తగువు ఉంది. రెండు చోట్లా అక్కర్లేదు. బాత్రూమ్‌లో బలమైన ఫ్యాన్ బయటికి లాగుతుండగా టాయిలెట్ ఫ్లష్ చేస్తే, కింద ట్యాంకులో గాలి కూడా పైకి వస్తుంది. పిల్లలకి ప్రతిసారీ ఫ్యాన్ ఆపి ఫ్లష్ చెయ్యమంటే గుర్తుండదు. వంటింటి దగ్గర మంచి ఫ్యాన్ ఒకటి, బాత్రూమ్‌కి మూతా దాని మీద కవరూ చాలు.

డెన్వర్_పద్మ:
కిరణ్, మా బాత్రూమ్‌లో ఉంది, ఆ అలవాటు మా పిల్లలకి వచ్చేసింది. స్నానాల ఆవిరి వంటింటి దాకా వచ్చి బయటికి పోవాలంటే మధ్యలో మంచాలన్నీ తడుస్తాయి. నా ఓటు రెండిటికే.

ఫ్రిస్కో_శ్రీ:
చెక్క పొడిచి చూశాను, రెండు చోట్లా గట్టిగానే ఉంది. అయితే వంటింట్లో ఫ్యాన్ పెట్టేస్తాను. బాత్రూమ్ సంగతి ఈ వేసవి గడిచాక చూస్తాను. రెండు సందేహాలు: వాన పడితే ఆపాలా? వంటింటి వెంట్ దగ్గర వైరే లేదు, కరెంటు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మెసా_కిరణ్:
మ్యాక్స్‌ఎయిర్ వాళ్ల మ్యాక్స్‌ఫ్యాన్ డీలక్స్‌కి పైన వాన పడకుండా హుడ్ ఉంటుంది, వానలోనూ నడుస్తుంది. ఫ్యాన్-టాస్టిక్ అనే ఇంకో బ్రాండ్‌లో కొన్ని మోడళ్లకి వాన తగలగానే మూసుకునే సెన్సర్ ఉంటుంది. మూసుకుంటే లోపల ఉక్క, కాబట్టి వంటింటికి హుడ్ ఉన్నదే మంచిది. వైరు పక్కనున్న సీలింగ్ లైటు నుంచి లాగొచ్చు, అది 12 వోల్టులదే. కానీ ఆ లైన్ వైరు మందం, దాని మీద ఇప్పటికే ఉన్న లైట్లు చూసుకో. ఫ్యాన్ మాన్యువల్‌లో చెప్పిన ఫ్యూజ్ వేయకుండా కలపొద్దు. బ్యాటరీ కనెక్షన్ తీసేశాకే వైర్లు ముట్టుకో.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పు. కిటికీలన్నీ మూసి ఫ్యాన్‌ని బయటికి తిప్పకూడదు. గాలి ఎక్కడో ఒక చోట నుంచి రావాలి కదా, పాత ట్రైలర్లో ఫ్రిజ్ వెనక సీల్ వదులుగా ఉంటే దాని గ్యాస్ మంట పొగ లోపలికి వచ్చే ప్రమాదం ఉంది. ఫ్యాన్‌కి దూరంగా ఉన్న కిటికీ ఒకటి ముందు తెరిచి, తర్వాతే స్విచ్ వెయ్యాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక గడువు తేదీ ఉంటుంది, 2006 నాటిదే ఇంకా వేలాడుతుంటే ఫ్యాన్ కన్నా ముందు అది మార్చు.