లోపలా, దాపలా? ఐసు తలుపు దగ్గర ఆగిన పద్యం

షికాగో నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం ఇక్కడ ఒక పాత ఇటుక ఇల్లు కొన్నాం. 1920ల్లో కట్టింది. వంటగది వెనక గోడలో, నడుము ఎత్తున, ఒక చిన్న తలుపు, దాని చుట్టూ ఇనుప చట్రం ఉన్నాయి. నాలుగైదు పూతల రంగు పేరుకుపోయి ఉంటే మొన్న శనివారం కూర్చుని గీకాను. తలుపు తీస్తే వెనక వరండా. ఫ్రిజ్‌లు రాకముందు ఐసు మనిషి వంటగదిలో అడుగు పెట్టకుండా, బయటి నుంచే ఐసు దిమ్మను పెట్టెలోకి తోసి వెళ్లడానికి ఈ ఏర్పాటు. పెట్టె ఎప్పుడో పోయింది, చట్రం మాత్రం గోడలో అలాగే ఉంది.

వీడియోలో అమ్మానాన్నలకు చూపించాను. వంటగదిలో ఓ మూలన ఉంది కదా, అమ్మ వెంటనే "ఆ మూల సౌధంబు లోపల" అని పోతన గజేంద్రమోక్షం పద్యం ఎత్తుకుంది. "లోపల కాదే, దాపల" అన్నారు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. ఫోన్ పెట్టేసినా నన్ను ఆ మాట వదల్లేదు. చిన్నప్పుడు నేను కూడా "లోపల" అనే చదివినట్టు గుర్తు. ఏది సరి?

పనిలో పని, ఇంకో సంగతి. ఈ చట్రాన్ని తెలుగులో ఏమనాలి? పిల్లల కోసం చిన్న చీటీ రాసి పక్కన అతికిద్దామని. గుమ్మం అందామంటే ఇందులోంచి మనిషి పోడు.

తెనాలి మాస్టారు:
నాన్నగారిదే సరి. "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల". మత్తేభం. పాదానికి ఇరవై అక్షరాలు లెక్కపెట్టుకోండి, మొదటి పాదం "దా" దగ్గర అయిపోతుంది. "పల" రెండో పాదంలో పడుతుంది. ప్రాస లకారం కాబట్టి "అల", "పల" అని కుదిరింది. మాట రెండు పాదాల మధ్య విరిగింది.

విశాఖ నుంచి:
మాస్టారూ, "లోపల" అన్నా గణం చెడదు. "లో" కూడా గురువే. ప్రాస "పల"లో ఉంది గనక దానికీ ఇబ్బంది లేదు. అంటే ఛందస్సు ఈ తగవు తీర్చదు. వేరే ఆధారం కావాలి.

తెనాలి మాస్టారు:
నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే అర్థం తీరుస్తుంది. వెంటనే ఏముంది? "మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలోత్పల పర్యంక రమావినోది". మందారవనం, అందులో అమృత సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంత శిల. మేడ లోపల వనం, వనం లోపల చెరువు ఎలా? వనం మేడ పక్కన ఉండాలి. అందుకని దాపల.

కరీంనగర్ అక్క:
దాపల అంటే పక్కన అని ఎవరు చెప్పిన్రు మాస్టారూ? మా ఇంట్ల దాపటెద్దు, వలపటెద్దు అనేటోళ్లు. నాగలికి ఎడమ దిక్కు కట్టేది దాపటెద్దు. మా తాత పొద్దుగాల్నే ఎడ్ల పేర్లు పిలవకపోయేది, "దాపటి" "వలపటి" అనే పిలిచేది. పోతన హలం పట్టిన కవి అని మనమే చెప్పుకుంటం. నాగలి పట్టినోనికి దాపల అంటే ఎడమే. ఆ మేడకు ఎడమ దిక్కు తోట ఉన్నది. గంతే. మా బమ్మెర మనిషి మాట మాకు తెలుస్తది.

కడప నుంచి:
బమ్మెర మాట ఎత్తితే, పోతన మావాడే అనే మా ఒంటిమిట్ట మాట కూడా ఎత్తాల్సి వస్తుంది. అది ఇక్కడ వద్దు.

తెనాలి మాస్టారు:
వద్దు, వద్దు. ఆ చర్చ మొదలైతే వారం పడుతుంది. అమ్మా, దాపల అంటే ఎడమ అన్నది కాదనను. కానీ "దాపు" అంటే దగ్గర అని కూడా ఉంది కదా. ఆ వాసన ఈ పద్యంలో మాటకు అంటుకుంది అంటాను. చదివేవాడికి ఎడమా కుడీ అక్కర్లేదు. ఎక్కడో దూరాన, ఏదో ఒక మూల, ఆ మేడకు దగ్గర్లో. ఏనుగు ఇక్కడ మడుగులో, దేవుడు అక్కడెక్కడో. పద్యం ఎత్తుగడే "అల" అని దూరం చూపిస్తోంది.

కరీంనగర్ అక్క:
దూరం చూపియ్యనీకే ఎడమ అన్నడు. వేలు పెట్టి చూపెట్టినట్టు. "అగో, ఆ మేడ లేదా, దాని ఎడమ దిక్కు..." తొవ్వ చెప్పేటోడు ఎడమో కుడో చెప్తడు, "దగ్గర్ల" అంటే ఎట్ల పోవాలె?

విశాఖ నుంచి:
అక్క మాటకు నా ఓటు. "లోపల" ఎందుకు నోటికొస్తుందో నాకు తోచింది చెప్తాను. ముందు "పురంబులో" అన్నాడు, తర్వాత "నగరిలో" అన్నాడు. చెవికి మూడో "లో" అలవాటైపోయింది. ఊళ్లోంచి నగరిలోకి, నగరిలోంచి మేడలోకి వెళ్తున్నట్టు నాలుక దానంతటదే "లోపల" అంటుంది. పోతన సరిగ్గా అక్కడ దారి మళ్లించాడు. మేడలోకి తీసుకెళ్లడు, తోటలోకి తీసుకెళ్తాడు. పైగా "వనాంతర"లో "అంతర" అంటేనే లోపల. ఆ అర్థం రెండోసారి అవసరం లేదు. షికాగో అమ్మగారు తప్పు చదివారని నేననను. ఆవిడ చెవి పద్యం నడకను పట్టుకుంది, కవి చేసిన మలుపును పట్టుకోలేదు.

షికాగో నుంచి:
ఇది అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా బళ్లో లోపల అనే చెప్పారు" అంది. అయినా సంతోషించింది.

నా రెండో ప్రశ్న...

రాజమండ్రి నుంచి:
మాది వడ్రంగం పని చేసిన ఇల్లు. నేను చెప్తాను. నాలుగు పక్కలా చెక్క ఉంటే ద్వారబంధం. మా వైపు నోట దారవందం అంటారు, కొందరు ద్వారబంధ్రం అంటారు. ముందు ద్వారబంధం నిలబెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి, తర్వాతే గోడ లేపేవాళ్లు. కింది చెక్క గడప. గడప లేనిది గుమ్మం కాదు. మీ చట్రానికి కింద పట్టీ ఉందా?

షికాగో నుంచి:
ఉంది. కింది పట్టీ బయటికి కొంచెం వాలుగా ఉంది, నీళ్లు కారిపోవడానికి కాబోలు. నాలుగు పక్కలా రేకు అంచు గోడ మీదికి రెండు వేళ్ల వెడల్పున మడిచి ఉంది, ఇటుకల గరుకు కనపడకుండా. మడతబందులు ఎడమ వైపు ఉన్నాయి. (దాపల!)

రాజమండ్రి నుంచి:
వాలు గడప ఉంటే అది ద్వారబంధమే. మనిషి పోతాడా, ఐసు పోతుందా అన్నది వేరే సంగతి. "ధ్రం" మాత్రం రాయకండి, "ధం" చాలు. బంధించేది బంధం.

విశాఖ నుంచి:
నోట వచ్చే "ధ్రం"ని అంత తేలిగ్గా తీసేయకండి. మా అమ్మమ్మ ద్వారబంధ్రం అనే అనేది. రంధ్రం పక్కన పక్కన తిరిగి ఆ రేఫం అంటుకుందని నా ఊహ. గోడలో రంధ్రం, దానికి బంధం. రెండూ కలిసి ద్వారబంధ్రం. ఐసు తలుపుకు ఇంతకంటే సరిపోయే మాట దొరకదు.

తెనాలి మాస్టారు:
ఊహ బాగుంది. వ్యుత్పత్తి కాదు.

కరీంనగర్ అక్క:
మా దిక్కు చట్రాన్ని దర్వాజ అంటం, రెక్కను తలుపు అంటం. "దర్వాజలు నిలవెట్టిన్రా" అని అడుగుతరు ఇల్లు కట్టేటోళ్లను. కింద చెక్కను కడప అంటం. ఇగ కడప ఊరాయన చెప్పాలె.

కడప నుంచి:
మా ఊరి పేరు గడప నుంచే వచ్చిందని పెద్దవాళ్లు చెప్తారు, తిరుమలకు గడప అని. అక్కా, మీ కడపా మా కడపా ఒకటే అయ్యాయి చూడండి.

కాకినాడ నుంచి:
నేను కోల్డ్ స్టోరేజీల పని చేసి రిటైరయ్యాను. మాట సంగతి మీరు తేల్చండి, వస్తువు సంగతి నేను చెప్తాను. ఐసు కరిగే చోట ఎప్పుడూ తేమ. చెక్క చట్రం పెడితే ఉబ్బుతుంది, తలుపు బిగుసుకుపోతుంది, నాలుగేళ్లకు పుచ్చుతుంది. అందుకని లోహం. కానీ లోహానికి వేరే జబ్బు ఉంది: చలిని అటు నుంచి ఇటు మోసుకొస్తుంది. వేసవిలో చట్రం మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు నిలుస్తాయి. దానికి మందు, చట్రాన్ని రెండు ముక్కలుగా చేయడం. ఒకటి బయటి నుంచి, ఒకటి లోపలి నుంచి గోడలోకి దూరుతుంది. మధ్యలో చెక్క పట్టీనో, ఫెల్ట్ గుడ్డో. లోహం లోహాన్ని తాకకూడదు. ఇలా చేస్తే గోడ మందం ఎంతున్నా సర్దుకుంటుంది. మీ చట్రం పక్క గోడలో వేలు పెట్టి తడమండి. మధ్యలో అతుకు ఉందా?

షికాగో నుంచి:
ఉంది సార్. ఇప్పుడే చూశాను. సరిగ్గా గోడ మధ్యలో సన్నటి చీలిక. గోరుతో గీరితే నల్లటి చెక్క పొట్టు వచ్చింది.

విశాఖ నుంచి:
మాస్టారూ, దా అటు, పల ఇటు. మాట కూడా రెండు ముక్కల చట్రమే.

తెనాలి మాస్టారు:
మీరు నా మాట లాక్కున్నారు, నేను రాయబోతున్నది అదే. దీనికి మనకు పాత పేరుంది: దేహళీదీప న్యాయం. గడప మీద పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగిస్తుంది. మధ్యలో ఉన్న మాట ముందువాటితోనూ వెనకవాటితోనూ అన్వయిస్తుంది. "దాపల" సౌధంతోనూ కలుస్తుంది, వనంతోనూ కలుస్తుంది. ఈ పద్యం మీద ఒక కథ ఉంది కదా. పోతన కొంత రాసి ముందుకు సాగక, బయటికి వెళ్లారట. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉందట. రాముడే పోతన రూపంలో వచ్చి పూర్తి చేశాడంటారు. మా గురువుగారు ఆగింది "సౌధంబు" దగ్గర అనేవారు. మా పెదనాన్న "దాపల" దాకా పోతనే రాశారు అనేవారు. ఆ ఒక్క మాట ఎవరిదన్న దాని మీద వాళ్లిద్దరూ అరుగు మీద గంటలు కూర్చునేవారు.

కరీంనగర్ అక్క:
"దా" పోతనది, "పల" రామునిది.

తెనాలి మాస్టారు:
అమ్మా, ఈ రాత్రికి నాకు ఇది చాలు.

మద్రాసు పెద్దాయన:
ఆలస్యంగా చూశాను. ఐసు మాటొచ్చింది గనక ఒకటి చెప్పాలి. షికాగోలో ఆ తలుపు పెట్టడానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే అమెరికా ఐసు మన సముద్రపు ఒడ్డున దిగింది. బోస్టన్‌కు చెందిన ఫ్రెడెరిక్ ట్యూడర్ 1833లో కలకత్తాకు ఓడలో ఐసు పంపాడు. బయల్దేరినప్పుడు 180 టన్నులు, నాలుగు నెలల తర్వాత దిగేసరికి 100 టన్నుల దాకా మిగిలింది. చెరువులు గడ్డకట్టినప్పుడు కోసి, రంపపు పొట్టు కప్పి పంపేవారు. 1842లో చెన్నపట్నంలో ఐసు దాచడానికి కట్టిన భవనమే ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు అందులో బస చేశారు, ఇప్పుడు ఆయన పేరే దానికి. నేను ఆ వీధిలోనే చదువుకున్నాను. మా అమ్మ దాన్ని "ఐసౌసు" అనేది. అందులో ఐసు ఎక్కడా కనపడేది కాదు, అయినా ఆ పేరు వింటే చిన్నప్పుడు నాకు చల్లగా ఉండేది.

కాకినాడ నుంచి:
పెద్దాయన టన్నులు అన్నారు కాబట్టి ఇంకోటి. మన ఇళ్లల్లో "ఒకటిన్నర టన్ను ఏసీ" అంటాం. ఆ టన్ను బరువు కాదు, ఐసు. 2,000 పౌన్ల ఐసు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో అది ఒక టన్ను. వేడి కొలతలో గంటకు 12,000 బీటీయూ. ఐసు మనిషి పోయినా ఆయన లెక్క మన గోడ మీద ఉంది.

షికాగో వారికి ఒక హెచ్చరిక. ఆ తలుపుకు గొళ్లెం బయట మాత్రమే ఉంటే వెంటనే పీకేయండి. పిల్లలున్నారన్నారు. పాత పెట్టెల్లో దూరి, లోపలి నుంచి తెరవలేక పిల్లలు పోయారు. 1956లో అమెరికా ప్రభుత్వం ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలని చట్టమే చేసింది.

షికాగో నుంచి:
గొళ్లెం ఈ రోజే తీసేశాను సార్. చాలా థాంక్స్. మావాడు ఆ గూట్లో తల పెట్టి వరండాలోకి చూస్తుంటాడు, నాకూ అదే టెన్షన్.

ఇంకో సంగతి. తలుపు లోపలి వైపు మేకుకు ఒక అట్ట వేలాడుతూ దొరికింది. నాలుగు వైపులా 25, 50, 75, 100 అని అంకెలు. ఇంటావిడ తనకు ఎన్ని పౌన్లు కావాలో ఆ అంకె పైకి వచ్చేలా కిటికీలో పెట్టేదట, ఐసు మనిషి వీధిలోంచే చూసి అంత కోసి తెచ్చేవాడట. మా అట్ట 50 దగ్గర మడత పడి నలిగి ఉంది. ఇరవై మూడు కిలోల ఐసు, ప్రతిసారీ.

రాజమండ్రి నుంచి:
ఆ చట్రం గీకారు కదా, తుప్పు పట్టకుండా ముందు రెడ్ ఆక్సైడ్ కొట్టండి. చీటీ మీద "ఐసు ద్వారబంధం" అని రాయండి.

విశాఖ నుంచి:
"ఐసు గూటి చట్రం". ద్వారబంధం పిల్లల నోట తిరగదు.

కరీంనగర్ అక్క:
"ఐసు దర్వాజ". పిల్లలు ఒక్కసారికే పట్టుకుంటరు.

తెనాలి మాస్టారు:
నాకు ఇంకోటి తట్టింది. ఇందుకాంతోపలం అంటే చంద్రకాంత శిల, వెన్నెల సోకితే నీరు స్రవిస్తుందని కవులు చెప్పే రాయి. కాకినాడవారు చట్రం చెమట పడుతుంది అన్నప్పటి నుంచి అదే తిరుగుతోంది. చల్లదనం తగిలి లోహం తడిసినట్టే వెన్నెల తగిలి రాయి తడిసింది. పోతన ఆ పాన్పును సరస్సు ఒడ్డున ఎందుకు వేశాడో ఇన్నేళ్లు పాఠం చెప్పినా నేను ఆలోచించలేదు. "పర్యంక"కు ముందు "ఉత్పల" ఉంది కదా, కలువలు శిల మీద పరిచినవా, శిలే కలువ ఆకారమా?

కడప నుంచి:
పరిచినవి.

కరీంనగర్ అక్క:
ఆకారం.

షికాగో నుంచి:
చీటీ ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మ మాత్రం ఫోన్ చేసి, కింది పట్టీ గడపే కాబట్టి శుక్రవారం పసుపు రాయమంది. ఇనుము మీద పసుపు నిలుస్తుందా?