ఋతువు మారితే జలుబు, మధ్యాహ్నానికే నీరసం: ఏడాది పొడవునా ఏమి పాటించాలి?

ప్రశ్న: సత్యనారాయణపురం అధ్యాపకురాలు

నమస్కారం. మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాము. నా వయస్సు నలభై దాటింది. ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. ఇంట్లో మా అత్తగారు, మావారు, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి ఉన్నారు. అందరమూ శాకాహారులమే, గుడ్డు కూడా తినము. తొలకరి పడగానే ఇంట్లో ఒకరికి జలుబు మొదలవుతుంది, వారం తిరిగేసరికి అందరికీ అంటుకుంటుంది. కార్తీకమాసంలో మళ్ళీ అదే తంతు. జలుబు లేని రోజులలో కూడా నాకు మధ్యాహ్నానికి కాళ్ళు పీకుతాయి, రెండంతస్తులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, ఇంటికి వచ్చి కాఫీ తాగితే తప్ప వంటింట్లోకి వెళ్ళబుద్ధి కాదు.

బంధువులలో ఒకరు రోగనిరోధక శక్తిని పెంచుతుందని చెప్పి ఒక ఖరీదైన పొడి డబ్బా తెచ్చి ఇచ్చారు. అత్తగారు కోవిడ్ నాటి నుంచి తిప్పతీగ కషాయం మానలేదు, నన్నూ తాగమంటున్నారు. మావారు మధుమేహానికి చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, దానికి తోడు విటమిన్ డి పొడి పొట్లాలు తానే కొనుక్కుని వేసుకుంటున్నారు. ఇన్ని రకాల సలహాల మధ్య, మన ఇంటి తిండితో, మన అలవాట్లతో ఏడాదంతా ఓపికగా ఉండడానికి నిజంగా పనికి వచ్చేది ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: బ్రాడీపేట, గుంటూరు (విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్)

అమ్మా, మీరు వ్రాసిన లక్షణాలలో జలుబు కన్నా మెట్లెక్కితే వచ్చే ఆయాసమే నాకు ముఖ్యంగా కనిపించింది. తిండి మార్చడం, కషాయం తాగడం వంటి వాటి జోలికి వెళ్ళే ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. కనుక నీరసంగా ఉందని చెప్పే స్త్రీలో మొట్టమొదట అనుమానించవలసింది దానినే గాని రోగనిరోధక శక్తి లోపాన్ని కాదు.

పూర్తి రక్తకణ పరీక్ష, ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్, విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్ష, మూడు నెలల సగటు చక్కెర పరీక్ష: ఈ ఐదూ మీ వైద్యుడితో మాట్లాడి చేయించుకుంటే చాలు. ఫెరిటిన్‌ను జలుబు, జ్వరం ఉన్న రోజులలో చేయించవద్దు. ఒంట్లో వాపు గాని ఇన్ఫెక్షన్ గాని ఉన్నప్పుడు అది పెరిగి కనిపిస్తుంది, ఉన్న లోపం మరుగున పడిపోతుంది. గర్భవతులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. అయితే హిమోగ్లోబిన్ పడిపోక ముందే ఇనుము నిల్వలు ఖాళీ అవుతాయి, నీరసం కూడా అప్పుడే మొదలు కావచ్చు. అందుకే ఫెరిటిన్ చూడాలంటున్నాను.

శాకాహారుల విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. ఇనుము తగ్గిన రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రకణాలు చిన్నవిగా, నడుమ బాగా వెలిసిపోయి, అంచు మాత్రమే సన్నని ఎర్రటి ఉంగరంలాగా కనిపిస్తాయి. బి12 తగ్గితే కణాలు పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి తగ్గిన వారిలో చిన్నవీ పెద్దవీ కలిసిపోయి, రిపోర్టులో కణం సగటు పరిమాణం 80కీ 100కీ మధ్యలో, అంటే మామూలుగానే, వస్తుంది. ఆ అంకె చూసి అంతా బాగుందని ఇంటికి వెళ్ళిపోయేవారు చాలామంది. కాబట్టి ఒక్క హిమోగ్లోబిన్‌తో సరిపెట్టుకోకండి.

మీవారికి కూడా బి12 చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 తగ్గడం తెలిసిన విషయమే. అరికాళ్ళలో తిమ్మిర్లు వస్తే మధుమేహం వల్లనే అనుకుని ఊరుకుంటారు, దాని వెనుక బి12 లోపం కూడా ఉండవచ్చు. ఇక విటమిన్ డి పొట్లాల సంగతి: ఒక్కొక్కటి సాధారణంగా 60,000 యూనిట్లు ఉంటుంది. అది కొవ్వులో కరిగే విటమిన్, ఎక్కువైతే మూత్రంలో పోదు. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు చేస్తుంది. వైద్యుడు ఎన్ని వారాలని చెబితే అన్ని వారాలే వాడాలి గాని, సొంతంగా కొని కొనసాగించే మందు కాదది.

సమాధానం: తెనాలి పక్క పల్లె నుంచి ఒక గృహిణి

పెద్దవారు చెప్పినట్లు పరీక్షలు చేయించుకోవలసిందే. కాని పరీక్షలో ఇనుము తక్కువని తేలినా రేపటి నుంచి వండుకు తినవలసింది మనమే కదా, ఆ సంగతి నేను చెబుతాను. మన ఇళ్ళలో లోపం పదార్థాలలో కన్నా వాటిని తినే తీరులోనే ఉంటున్నది. పలచని పప్పుచారు రెండు గరిటెలు పోసుకుని పప్పు తిన్నామనుకుంటాము. అందులో ఉన్న కంది గింజలెన్ని? మధ్యాహ్నం ముద్దపప్పో ఆకుకూర పప్పో గట్టిగా ఒక గిన్నెడు, సాయంత్రం ఉడికించిన శనగలో అలసందలో పిడికెడు, రెండు పూటలా పెరుగు ఉంటే మాంసం తినని ఇంట్లో కూడా మాంసకృత్తులకు లోటు రాదు. నిరోధక శక్తికి కావలసిన కణాలన్నీ తయారయ్యేది ఆ మాంసకృత్తులతోనే.

ఆషాఢంలో మునగాకు తినాలనే ఆచారం మన వైపు ఉన్నది గదా, దానిని ఒక్క రోజు తంతుగా వదిలేయకుండా వారానికి రెండుసార్లు వండండి. లేత రెమ్మలు దూసి, పెసరపప్పుతో పొడిగా వేయించి, దించిన తరువాత నిమ్మకాయ పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి విటమిన్ సి పోతుంది. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ పులుపే ఆధారం. మన జామకాయను ఎవరూ లెక్కచేయరు గాని, 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. ఆడవారికి రోజుకు కావలసింది 65 మిల్లీగ్రాములే. అంటే భోజనం తరువాత సగం కాయ తింటే చాలు. రైతుబజారులో దొరికే ఈ కాయను వదిలి, నీటిలో వేస్తే నురగ వచ్చే నారింజ రంగు బిళ్ళల కోసం మందుల దుకాణానికి వెళ్ళడం నాకు వింతగా తోస్తుంది.

కాఫీ, టీ మానమని నేను అనను, మీరు మానరు కూడా. అన్నం తిన్న వెంటనే మాత్రం తాగవద్దు. వాటిలోని వగరు పదార్థాలు ఇనుమును పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. తిండికి ముందు, వెనుక గంట ఎడం ఉంచండి.

వేసవి సంగతి వేరు. రోహిణి కార్తెలో మీ విజయవాడ ఎండకు వచ్చే నీరసంలో సగం నీరూ ఉప్పూ చెమటలో పోవడం వల్ల వచ్చేదే. ఆ రోజులలో మా ఇంట్లో రాత్రి మిగిలిన అన్నంలో నీరు పోసి, కాసిని మజ్జిగ కలిపి, మట్టి పిడతలో మూత పెడతాము. తెల్లవారేసరికి మీద సన్నని బుడగలు కట్టి, లేత పులుపు వాసన వస్తుంది. మెతుకు చేత్తో నలిపి, ఉప్పు వేసి, ఉల్లిపాయ ముక్కతో, పచ్చిమిరపకాయతో తింటే పదకొండింటి దాకా దాహమే వేయదు. పులియడం వల్ల గింజలోని ఇనుము ఒంటికి తేలికగా అందుతుందనేది కూడా నిజమే. పుల్లటి వాసన దాటి కుళ్ళు వాసన వచ్చినా, పైన బూజు కనిపించినా పారబోయాలి; మే నెలలో రాత్రి పది గంటల తరువాత నానబెట్టడమే మంచిది.

రాగిజావ గురించి మీవారి కోసం ఒక హెచ్చరిక. రాగులలో కాల్షియం ఎక్కువ, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైమాటే. కాని పిండిని పలచగా కాచి తాగితే చక్కెర త్వరగా పెరుగుతుంది. చక్కెర జబ్బు ఉన్నవారు రాగిరొట్టెను కూరతో మితంగా తినడమే మేలు. కార్తీకంలో ఉసిరి, సంక్రాంతికి నువ్వులు ఎలాగూ తింటారు, వాటి గురించి నేను చెప్పనవసరం లేదు.

సమాధానం: పటమట (ఆయుర్వేద పట్టభద్రుడు)

తిప్పతీగ మీద ఒక మాట చెప్పడం నా బాధ్యత. శాస్త్రంలో దానికి గౌరవమైన స్థానమే ఉన్నది. అయితే ఏ ద్రవ్యమైనా రోగిని, మోతాదును, కాలాన్ని చూసి ఇవ్వవలసినదే తప్ప, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఏళ్ళ తరబడి రోజూ తాగవలసిన పానీయం కాదు. 2020లో కోవిడ్ సమయంలో ముంబయిలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని అక్కడి వైద్యులు ప్రకటించారు. దానికి ఆయుష్ మంత్రిత్వశాఖ అభ్యంతరం చెప్పి, అదే జాతికి చెందిన వేరొక తీగను పొరపడి వాడి ఉండవచ్చునన్నది. ఆ వాదం ఎటు తేలినా మీ అత్తగారికి వర్తించే విషయం ఒక్కటే: బజారులో కొన్నా, పెరట్లో కోసినా, ఆ తీగ అసలుదో కాదో సామాన్యులకు తెలియడం కష్టం. థైరాయిడ్, కీళ్ళవాతం వంటి, నిరోధక శక్తి తన ఒంటి మీదనే తిరగబడే జబ్బులున్నవారు దాని జోలికి పోకూడదు. ఆవిడకు ఒకసారి కాలేయ పరీక్ష చేయించండి. అంతవరకు కషాయం ఆపించండి. అల్లం, మిరియాలు, ధనియాల చారు ఎప్పటిలాగే పెట్టుకోవచ్చు. వంటలో పడే మోతాదుతో భయం లేదు.

పసుపు మాత్రలకు కూడా ఇదే వర్తిస్తుంది. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల సారంతో కలిపి గాఢంగా చేసిన గొట్టం మాత్ర వేరు. రెండో దాని వల్ల కాలేయం వాచిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి.

ఋతుచర్యలో తిండితో పాటు నిద్రకు, వ్యాయామానికి కూడా కాలాన్ని బట్టి నియమం చెప్పారు. ఎండాకాలంలో వ్యాయామం తగ్గించమన్నారు, పగటి నిద్రను అనుమతించారు. మే నెలలో సాయంత్రం ఐదింటికే కాలువ గట్టు మీద చెమటలు కక్కుతూ నడిచేవారిని చూసినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తుకు వస్తుంది.

ప్రశ్న అడిగినవారి మాట: సత్యనారాయణపురం అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం పరీక్షలకు వెళుతున్నాము. అత్తగారు అలిగినా కషాయం గిన్నె లోపల పెట్టేశాను. ఇంకొక్క సందేహం. మా అబ్బాయి కళాశాలలో రాత్రి స్టడీ అవర్లు ముగించుకుని వచ్చి, పన్నెండున్నర దాకా ఫోను చూసి, తెల్లవారుజామున ఐదింటికి లేస్తాడు. ఇంట్లో జలుబు ముందుగా వచ్చేది వాడికే. వాడికి విటమిన్ సి బిళ్ళలు ఇవ్వవచ్చునా?

సమాధానం: బ్రాడీపేట, గుంటూరు (విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్)

బిళ్ళల గురించి తేలిన విషయం ఇదీ: ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి 2013లో చేసిన సమీక్షలో, మామూలు మనుషులు రోజూ విటమిన్ సి వేసుకున్నా జలుబు రావడం తగ్గలేదు, వచ్చిన జలుబు పెద్దలలో సుమారు 8 శాతం, పిల్లలలో 14 శాతం ముందుగా తగ్గింది. జలుబు వచ్చాక మొదలు పెడితే ఆ కాస్త ఫలితమూ నిలకడగా కనిపించలేదు.

మీ అబ్బాయికి ఉన్నది నిద్ర కరవు. 2015లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారం పాటు కొలిచి, ఆ తరువాత వారి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలకు పైగా నిద్రపోయిన వారితో పోలిస్తే, ఆరు గంటల లోపు నిద్రపోయిన వారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నది. మీ అబ్బాయి నిద్ర ఐదు గంటలు కూడా నిండడం లేదు. ఆ వయస్సులో కావలసింది ఎనిమిది. మార్కుల కోసమే అయినా నిద్ర పెంచాలి, ఎందుకంటే చదివింది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. స్టడీ అవర్ల వేళ మీ చేతిలో లేదు, ఫోను మీ చేతిలో ఉన్నది. రాత్రి పదకొండు దాటాక అది హాలులో ఛార్జింగులో ఉండాలని నియమం పెట్టండి, మీ ఫోనుతో సహా.

వానాకాలానికి ముందు చేయవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మన దేశంలో ఫ్లూ వానలలో ఒకసారి, జనవరి నుంచి మార్చి లోపు మరొకసారి పెరుగుతుంది. మధుమేహం ఉన్న మీవారికి, వయస్సు పైబడిన మీ అత్తగారికి ఏటా వేసే ఫ్లూ టీకా గురించి వైద్యుడిని అడగండి. వేసిన రెండు వారాలకు గాని అది పని మొదలు పెట్టదు, కనుక తొలకరికి ముందే వేయించాలి. కూలరులో, పూలకుండీల కింద పళ్ళేలలో నీటిని వారానికొకసారి పూర్తిగా పారబోసి తోమండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది, ఆ లోపే దానిని తుడిచివేయాలి. అది పగలే కుడుతుంది, రాత్రి దోమతెర ఒక్కటే సరిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎంత ఇబ్బంది పడ్డారో మీకు నా కన్నా బాగా తెలుసు. వరద నీరు దగ్గరకు వచ్చిన ఏ ఏడాదైనా కుళాయి నీటిని తెర్లి మరగకాచి తాగండి.

బంధువులు ఇచ్చిన పొడి డబ్బా వెనుక ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా వ్రాసి ఉంటే ఆ చీటీని పరీక్షల ఫలితాలతో పాటు వైద్యుడికి చూపించండి. విడివిడిగా వ్రాయకుండా మూలికల మిశ్రమం అని మాత్రమే ఉంటే దానిని తెరవనే వద్దు.