అరాచకం: 'భక్షయంతి'కీ 'రక్షంతి'కీ మధ్య

అందరికీ నమస్కారం. రాజ్యం అక్కర్లేదనే అరాచకవాదం మనుషుల బుద్ధితో నడిచే పనేనా అని మా అబ్బాయి కాలేజీ వ్యాసం కోసం అడిగాడు. నేను మాట దగ్గరే ఆగిపోయాను. అసలు రూపం అరాజకం, అంటే రాజు లేకపోవడం. వాడుకలో జ కాస్తా చ అయింది. పేపర్లో "అరాచక పాలన" అని తరచూ చూస్తుంటాం. పాలించేవాడు లేని స్థితికి పెట్టిన పేరు పాలించేవాడి ఆగడాలకు ఎలా అంటుకుంది?

—

మాస్టారూ, ఆ చెడ్డపేరు పాతదేనండి. వాల్మీకి అయోధ్యకాండ 67వ సర్గ తీయండి. దశరథుడు పోయాడు, రాముడు అడవిలో ఉన్నాడు, భరతుడు మేనమామ ఇంట్లో ఉన్నాడు. "నారాజకే జనపదే" అంటూ శ్లోకం వెనక శ్లోకం వస్తుంది. రాజు లేని దేశంలో వాన కురవదు, గుప్పెడు విత్తనం చల్లరు, కొడుకు తండ్రి మాట వినడు. చివరికి "మత్స్యా ఇవ నరా నిత్యం భక్షయంతి పరస్పరం". చేపల్లా ఒకరినొకరు తినేస్తారు.

ఇప్పుడు మహాభారతంలో శాంతిపర్వం 59వ అధ్యాయం చూడండి. భీష్ముడు కృతయుగం గురించి ధర్మరాజుకు చెబుతున్నాడు: "నైవ రాజ్యం న రాజాసీన్న దండో న చ దాండికః, ధర్మేణైవ ప్రజాః సర్వా రక్షంతి స్మ పరస్పరం". రాజ్యం లేదు, రాజు లేడు, శిక్ష లేదు, శిక్షించేవాడూ లేడు. ధర్మంతోనే జనం ఒకరినొకరు కాపాడుకున్నారు. రెండు చోట్లా 'పరస్పరం' ఒకటే. అక్కడ భక్షయంతి, ఇక్కడ రక్షంతి. చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది నాకు. ఒకరికొకరు తోడ్పడటం వల్లే జీవులు నిలిచాయని రష్యన్ అరాచకవాది క్రొపోట్కిన్ 1902లో పుస్తకంగా వేసిన వాదానికి కూడా మన భాషలో సరిపోయే మాట పరస్పర సహాయమే.

భీష్ముడు అక్కడితో ఆగడు. జనానికి మోహం పట్టింది, లోభం పుట్టింది, అందుకే దండనీతి, అంటే శిక్షతో పాలించే శాస్త్రం, దాంతోపాటు రాజు వచ్చారంటాడు. నిజమే. కానీ ఆ రాజుకు మాత్రం లోభం ఉండదా? కంచే చేను మేస్తే కాసేదెవరు?

మా ఊరి చెరువు కింద చివరి మడి మాది. ఊరంతా కలిసి పెట్టుకున్న నీరటి ఒక్కడే, చేతిలో పారతో, వంతు ప్రకారం మడవ తిప్పేవాడు. ఎండలు ముదిరిన ఒక ఏడు పైమడి రైతు అర్ధరాత్రి మా మడవ కట్టేసి నీళ్లు తనకు మళ్లించుకున్నాడు. మా నాన్న స్టేషన్‌కు వెళ్లలేదు. రచ్చబండ దగ్గర నలుగురూ నిలదీశారు. తర్వాతి వంతు అతను మాకు వదిలేశాడు. లోభం ఉంది, దానికి శిక్షా ఉంది. వేసింది మాత్రం రాజు కాదు. పెద్ద నగరానికి ఇది సరిపోతుందని నేను అనలేను. అక్కడ ఎవరి మొహం ఎవరికీ తెలియదు.

—

చాలా సంతోషమండీ. 1916 ఫిబ్రవరిలో కాశీలో గాంధీ తనూ అనార్కిస్టునే, కాకపోతే వేరే రకం అన్నారు. దాన్ని "నేనూ అరాచకవాదినే" అని తెలుగు చేస్తే మన చెవికి ఎంత తప్పుగా వినిపిస్తుందో చూడండి. సిద్ధాంతానికి 'అరాజకవాదం' అని జ తోనే రాయమని మా వాడికి చెబుతాను. మీ నీరటి సంగతి కూడా రాయిస్తాను, అభ్యంతరం లేదుగా?