కుక్క పట్టిన నాటుకోడి: తొడ చీలింది, కాలు మోపడం లేదు. ఇంట్లోనే ఎట్ల చూసుకోవల్ల?

ఉరవకొండ_పెరడు
నాటు పెట్ట, కిలోన్నర ఉంటాది. కుడి తొడ మీద చర్మం రెండంగుళాలు చీలి కండ కనపడతాంది. వీపు మీద పండ్ల గాట్లు నాలుగు. రక్తం నిలిచింది. కుడికాలు మోపడం లేదు. నాలుగు సంగతులు చెప్పండి. దేంతో కడగల్ల? కాలు విరిగిందా, బెణికిందా? మిగతా కోళ్లతో ఎప్పుడు కలపల్ల? గుడ్లు పెట్టే పెట్ట ఇది, ఆ గుడ్లు తినొచ్చా?

ఆదోని_గంప
ముందు గుంపులోంచి తీసినారా లేదా, అది రాయలేదు మీరు. ఎర్రగా కనపడితే చాలు, మిగతావి పొడిచి పొడిచి తెల్లారేసరికి గాయాన్ని రెండింతలు చేస్తాయి. గంప కింద మూసి పైన గుడ్డ కప్పండి, చీకట్లో బెదురు తగ్గుతాది. లీటరు నీళ్లకు ఆరు టీ స్పూన్ల చక్కెర, అర స్పూను ఉప్పు కలిపి ముందర పెట్టండి. ముక్కు తెరిచి మాత్రం పోయొద్దు. నాలుక మొదట్లోనే ఊపిరి పోయే బొక్క ఉంటాది, నీళ్లు అందులోకి పోతే కోడి చేతిలోనే పోతాది. ముక్కు అంచున చుక్క అంటిస్తే అదే మింగుతాది.

తాడిపత్రి_పాతకాపు
ఇంత రాద్ధాంతం యాల అప్పా! పసుపు, సున్నం కలిపి మెత్తి గుడ్డ కట్టు. మూడు పూటలకు ఎండిపోతాది.

డిప్లొమా_ప్రొద్దుటూరు
పెద్దాయనా, బెణికిన చోట, తెగని చర్మం మీద సున్నం పట్టు వేరు. కండ బయటపడిన చోట సున్నం పెడితే కాలుతుంది. మీరు ఎండింది అంటున్నది కాలిన పొర. దాని కింద చీము పడుతుంది. నేను చదివింది ఇదే కాబట్టి వరసగా చెప్తా. గాయం చుట్టూ అరంగుళం మేర ఈకలు కత్తిరించండి, పీకొద్దు. కొత్తగా మొలిచే ఈక కాడలో రక్తం ఉంటుంది, తెగితే కారుతుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే తలగొట్టిన టీ స్పూన్లు ఒకటిన్నర. సూది తీసేసిన 20 మిల్లీ సిరంజితో గాయం లోపలికి కొట్టండి. ఆ పండ్ల గాట్లే ఎక్కువ కడగాలి. పైకి చిన్న చిల్లి, లోపల చిరిగి కుక్క ఎంగిలి నిండి ఉంటుంది. తర్వాత బెటాడిన్ ఒక వంతు, నీళ్లు పది వంతులు. పాలు పోయని పలచటి టీ రంగు రావాలి. రోజుకు రెండుసార్లు. దూది అద్దొద్దు, పోగులు అంటుకుంటాయి, గాజుగుడ్డ వాడండి.

తాడిపత్రి_పాతకాపు
చదువుకున్నోళ్లు రాకముందు సీమలో కోళ్లు బతకలేదా? అన్నీ చచ్చిపోయినాయా?

ఆదోని_గంప
చచ్చేటివి కూరలోకి పోయినాయి సామీ, అందుకే లెక్క తేలలేదు.

తాడిపత్రి_పాతకాపు
ఎగతాళి వద్దు. పసుపు కూడా తప్పేనా అయితే?

డిప్లొమా_ప్రొద్దుటూరు
పసుపు తప్పనలేదు. రక్తం కారేటప్పుడు చిటికెడు అద్ది ఐదు నిమిషాలు ఒత్తి పట్టుకోండి, నిలుస్తుంది. లోతు గాయంలో పొడి నింపితే గట్టకట్టి కూర్చుంటుంది, కడిగినా రాదు. ఫెవిక్విక్‌తో అతికించేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ఘోరం. కుక్క కరిచిన గాయాన్ని మూయకూడదు. లోపలి చీముకు దారి ఉండాలి.

పులివెందుల_అక్క
సున్నం గొడవ మీరు తేల్చుకునే లోపల ఈగ గుడ్లు పెట్టేసి పోతాది. ఈ ఎండల్లో గాయం కంటే ఈగే శత్రువు. ఈకల మొదట్లో తెల్లగా, సన్న నూకల మాదిరి గుత్తిగా కనపడతాయి. ఒక్క రోజు చాలు, పురుగులైపోతాయి. పొద్దున, సాయంత్రం దీపం పెట్టి చూడల్ల. గాయం ఒకటే కాదు, తోక కింద రెట్ట అంటిన చోటు కూడా. గంప మీద దోమతెర కప్పండి. వేపనూనె గాయం చుట్టూ పూయండి, లోపల వద్దు. పురుగు పడితే పట్టకారుతో ఒక్కొక్కటే తీసి ఉప్పునీళ్లు కొట్టండి. బర్రెకు పోసే టర్పెంటైన్ కోడికి పోయొద్దు, చర్మం ఊడొస్తాది.

జమ్మలమడుగు_దబ్బ
సీతాఫలం ఆకు నూరి పెడితే పురుగు రాలుతాది కదక్కా.

పులివెందుల_అక్క
ఆకు సరే. కొందరు గింజల పొడి చల్లుతారు, అది కంట్లో పడితే కన్ను పోతాది, కోడిదైనా మీదైనా.

జమ్మలమడుగు_దబ్బ
కాలు సంగతి ఎవురూ పట్టించుకోలేదు. రెండు కాళ్లూ ఒకేసారి పట్టుకుని తడిమి పోల్చండి. కీలు లేని చోట వంగితే విరిగినట్టే. వేలు పెడితే గోళ్లతో పట్టుకుంటే నరం బాగుందని లెక్క. వెదురు దబ్బలు రెండు, అగ్గిపుల్లంత మందం, సన్నగా చెక్కండి. కాలికి దూది చుట్టి, రెండు పక్కలా దబ్బలు పెట్టి మైక్రోపోర్ టేపు వేయండి. మూడు వారాలు. రోజూ కాలివేళ్లు తాకి చూడల్ల, చల్లగా అయినా ఉబ్బినా కట్టు బిగుసుకుందని, వెంటనే విప్పండి.

డిప్లొమా_ప్రొద్దుటూరు
ఆయన కోడికి దెబ్బ తగిలింది తొడకు. మీరు చెప్పేది పొలుసుల కాలికి. తొడకు దబ్బ కట్టలేరు, కండ అడ్డమొస్తుంది, కట్టు జారి కిందికొచ్చి విరిగిన ఎముకను ఇంకా లాగుతుంది. తొడ ఎముక అయితే ఇరుకు పెట్టెలో కదలకుండా ఉంచి డాక్టరుకు చూపించడమే.

జమ్మలమడుగు_దబ్బ
ఇంకొకరికి పనికొస్తాదని రాసినా. ప్రతిదానికీ తిక్క ఏందప్పా మీకు?

గుత్తి_షెడ్డు
పెట్టెలో కింద బుడ్డల (వేరుశనగ) పొట్టు వేయండి, మెత్తగా ఉంటాది. రాత్రికి 60 వాట్ల బల్బు.

పులివెందుల_అక్క
మే నెలలో అనంతపురంలో బల్బా! నోరు తెరిచి రొప్పే కోడికి పొయ్యి పెడతారా? బల్బు చలికాలానికి. ఇప్పుడు గోడ నీడ, తడిగోనె కట్టిన కిటికీ చాలు.

ఆదోని_గంప
పొట్టు కూడా ఇప్పుడు వద్దు. ఏ పొట్టైనా తడి గాయానికి అంటుకుంటాది. బుడ్డల పొట్టు రోంత తడిస్తే బూజు, ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోతాది. గాయం ఎండేదాకా పాత నూలుచీర మడతలు వేసి రోజుకు రెండుసార్లు మార్చండి. ఒట్టి పేపరు వద్దు, జారి బాగున్న కాలు కూడా చీలబడతాది.

గుత్తి_షెడ్డు
జిల్లా అంతా అదే పొట్టు వాడతాంది. కోళ్లన్నీ బూజుతో పోయినాయా?

ఆదోని_గంప
ఎండిన పొట్టు సంగతి కాదు నేను చెప్పేది. చదివి మాట్లాడు అన్నా.

ఉరవకొండ_పెరడు
కడిగినా. గుడ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, వీపు మీద నొక్కితే చర్మం కింద చిటపటమంటాంది, బుడగ మాదిరి ఉబ్బింది. నొప్పికి మనుషుల మాత్ర సగం ఇవ్వొచ్చా? ఇంట్లో డైక్లోఫెనాక్ ఉంది.

డిప్లొమా_ప్రొద్దుటూరు
ఇవ్వొద్దు! పక్షుల కిడ్నీలు తట్టుకోలేవు. ఈ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు పోయింది దీంతోనే. 2006లో పశువులకు వాడకుండా నిషేధం పెట్టారు. ఇక చిటపట అంటే గాలి. కోడికి ఊపిరితిత్తుల వెనక గాలి సంచులు ఉంటాయి, పన్ను దిగి ఒకటి చిల్లి పడి ఉంటుంది. చిన్న ఉబ్బు తనంతట తగ్గొచ్చు. పెరుగుతుంటే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, తురాయి నీలంగా మారితే ఆగొద్దు. ఒంటికి గుడ్డ బిగించి చుట్టారా? ఉంటే విప్పండి. కోడికి మన మాదిరి ఊపిరి తీసే పొర లేదు, ఎదబొమిక కదిలితేనే గాలి ఆడుతుంది. కరిచి 24 గంటలు దాటకముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, బరువు చూసి డాక్టరే రాయాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా రైతు సేవా కేంద్రంలో అడగండి.

గుడ్లు: పైపూతకు ఇబ్బంది లేదు. యాంటీబయాటిక్ పడితే డాక్టరు చెప్పినన్ని రోజులు గుడ్డూ వద్దు, కూరా వద్దు. ఎలాగూ ఈ బెదురుకు కొన్నాళ్లు పెట్టదు.

తాడిపత్రి_పాతకాపు
మేత ఎవురూ చెప్పలేదు. అది కూడా పుస్తకంలో ఉందా?

పులివెందుల_అక్క
మీరే చెప్పండి పెద్దాయనా.

తాడిపత్రి_పాతకాపు
రాగి సంగటి జారుగా చేసి, ఉడికిన గుడ్డు పచ్చసొన పిసికి కలిపి గోళీలంత ఉండలు. రోజుకు నాలుగు తూర్లు. మెడ కింద మేత సంచి ఖాళీ అయిందని తడిమి చూసినాకే మళ్ల పెట్టు. రెట్ట పచ్చగా పడితే కడుపు ఖాళీగా ఉందని. కొర్రలు, సద్దలు లేచి నిలబడినాక.

డిప్లొమా_ప్రొద్దుటూరు
ఇది మాత్రం సరిగ్గా చెప్పారు. తిన్న మేత మెడ గాయంలోంచి బయటికొస్తే మేత సంచి చిరిగినట్టు, కుట్లు పడాలి. వీళ్లది మెడ కాదు కాబట్టి పర్వాలేదు.

ఆదోని_గంప
కలిపేది పక్కు రాలి, కింద కొత్త చర్మం వచ్చినాకే. ముందు నాలుగైదు రోజులు మధ్యలో జాలీ పెట్టి ఒకదానికొకటి కనపడనియ్యండి. తర్వాత రాత్రి పూట దండెం మీద కూర్చోబెట్టండి.

గుత్తి_షెడ్డు
మా దాంట్లో ఒకదానికి మెడ తిరిగిపోయింది, గాయం ఏమీ లేదు. దానికీ దబ్బ కట్టల్లా?

పులివెందుల_అక్క
అది దెబ్బ కాదన్నా, కొక్కెర తెగులు (రాణిఖేత్, అంటురోగం) అయ్యుంటాది. దాన్ని ముట్టుకున్న చేతులతో మిగతావాటికి మేత వేయొద్దు. వేరే చర్చ పెట్టండి, ఈడ కలపొద్దు.

ఉరవకొండ_పెరడు
1962 వాళ్లు పొద్దున వస్తామన్నారు. ఉబ్బు పెరగలేదు. నాలుగు సంగటి ఉండలు తినింది.