కాలిపర్ రంగు ‘పెచ్చులూడింది’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: కారు బ్రేక్ కాలిపర్లకు (ప్యాడ్లను డిస్కుకు నొక్కి చక్రాన్ని ఆపే భాగాలు) రంగు వేసుకునే విధానం తెలుగులో రాస్తున్నాం. ‘కాలిపర్ అంతటా రంగు కొట్టండి’ అని రాశాం. రంగు ఎలా పాడైనా ‘పెచ్చులూడింది’ అని రాసెయ్యొచ్చా?

జవాబు: వద్దండీ. బిళ్లలుగా లేచి కింద ఇనుము కనబడితేనే పెచ్చులూడటం. అంటే రంగు అసలు పట్టుకోలేదన్నమాట. బ్రేక్ పొడి, జిడ్డు మిగిలితే వచ్చే తంటా అది. వైరు బ్రష్‌తో తుప్పు రాల్చి, 320 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేసి, బ్రేక్ క్లీనర్ కొట్టి, పోగులు రాలని గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకుంటే వేలి జిడ్డు చాలు, మళ్లీ మొదటికే.

పొక్కులు వేరు. మందంగా కొడితే పైపొర ఆరిపోయి లోపల థిన్నరు చిక్కుకుంటుంది. బ్రేకు వేడికి అది ఆవిరై పైకి తన్నుతుంది. పలచగా మూడు పూతలు వెయ్యాలి, మధ్యలో డబ్బా మీద చెప్పినంత ఆగాలి. (‘కోట్లు’ అని రాయకండి, ఖర్చు చూసి జనం జడుసుకుంటారు!)

మరొకరు: ముడతలు కూడా చేర్చండి. ‘బ్రేక్ ఆయిల్’ అంటాం గానీ డాట్ 3, డాట్ 4 అనే బ్రేకు ద్రవాలు నూనెలు కావు, గ్లైకాల్ జాతివి. బ్లీడింగ్ (బ్రేకు గొట్టాల్లోని గాలి తీయడం) చేసేటప్పుడు నిపిల్ (ఆ గాలి వదిలే మర) దగ్గర కారిన చుక్క రంగును మెత్తబరిచి ముడతలు తేలుస్తుంది. వెంటనే నీళ్లు పోసి కడిగితే పోతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చుట్టూ పులుముకుంటుంది. ఇంకో మాట, ‘ఆరింది’ వేరు, ‘గట్టిపడింది’ వేరు. చేతికి అంటనంత మాత్రాన పని అయిపోలేదు. కొన్ని స్ప్రే రంగులను డబ్బా మీద ఉన్న వేడికి కాల్చాలి. రెండు డబ్బాలవి కలిపి వేసే రంగైతే హార్డెనర్ (గట్టిపరిచే మందు) కొలత తప్పకూడదు, తక్కువైతే ఎన్నాళ్లైనా మెత్తగానే ఉంటుంది.

ఇంకొకరు: ‘కాలిపర్ అంతటా’ అనే మాట మాత్రం కొట్టెయ్యండి, ప్రమాదం. నిపిల్, పిస్టన్ రబ్బరు, గైడ్ పిన్నులు (కాలిపర్ జారే కడ్డీలు), ప్యాడ్లు జారే గాడులు, డిస్కు, ఇవన్నీ టేపుతో కప్పాలి. గాడిలో రంగు పేరుకుంటే ప్యాడ్ పట్టేస్తుంది. చక్రం బాగా వేడెక్కిపోతుంది, ప్యాడ్ ఒకపక్కే అరుగుతుంది. చక్రం ఆనే హబ్ ముఖానికి రంగు తగిలితే అది నలిగి, నట్ల బిగింపు సడలుతుంది. కాలిపర్ విప్పితే హోస్ (బ్రేకు ద్రవం వచ్చే గొట్టం) మీద వేలాడనివ్వకండి, వైరుతో చక్రం పక్క స్ప్రింగుకు కట్టండి.

ప్రశ్న అడిగినవారు: ఊడలేదు, ముడత లేదు, ఎర్రరంగు మాత్రం పాలిపోయింది. దీన్నేమనాలి?

జవాబు: ‘వెలిసిపోయింది’. ముందు చక్రాలు కడిగే మందు సంగతి చూడండి. ఆమ్లం ఉన్నదైతే మెరుపు చంపేస్తుంది. కారు షాంపూ నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. అదీ బ్రేకులు చల్లారాకే.